చింతపిక్కల ఆవర్జా: పోకర్ ఆటగాడిగా నా 2025 లక్ష్యాల డైరీ

2024 డిసెంబరు 29, ఆదివారం

విజయనగరంలో అయ్యకోనేరు గట్టుకు రెండు వీధుల అవతల ఉన్న మా ఇంటి వెనక వరండాలో, మూడేళ్ళుగా నెలకు రెండు ఆదివారాలు పోకర్ ఆడుతున్నాము. ఆడేది ఆరుగురం: రైల్వేలో పనిచేసి రిటైరైన మా చిన్నాన్న, పక్క వీధిలోని లెక్కల మాష్టారు, ఎదురింట్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడు, ఆఫీసులో నాతో పాటు పద్దులు రాసే మిత్రుడు, మా ఆవిడ, నేను. ఆట టెక్సాస్ హోల్డెమ్. చేతికి రెండు ముక్కలు పంచుతారు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు. ఆ ఐదింటిలో మొదటి మూడింటిని కలిపి ఫ్లాప్ అనీ, నాలుగోదాన్ని టర్న్ అనీ, ఐదోదాన్ని రివర్ అనీ అంటారు. ఈ ఏడింటిలోంచి ఏరుకున్న మేలైన ఐదు ముక్కలు ఎవరివైతే కుప్ప, అంటే బల్ల మధ్య చేరిన పందెమంతా, వారిది. లేదా మిగిలినవారంతా ముక్కలు పారేసేదాకా పందెం పెంచినవారిది.

పందెం చింతపిక్కలతోనే. డబ్బు గానీ, డబ్బు విలువ చేసే వస్తువు గానీ మా బల్ల మీదకు రాదు. ఇందుకు సగం కారణం చట్టం, సగం కారణం చిన్నాన్న. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి, ఆన్‌లైన్‌లో పందెం కాసే ఆటలను కూడా నిషేధం కిందకు తెచ్చారు. ఇక చిన్నాన్న పెళ్ళికి ముందు ఒక సంక్రాంతికి మూడు ముక్కలాటలో పోగొట్టుకున్న సైకిలు కథ మా ఇంట్లో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. అందుకే ఒక్కొక్కరికి 200 పిక్కలు ఇచ్చి మొదలుపెడతాము. ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా తప్పనిసరిగా వేసే పందేలను బ్లైండ్లు అంటారు: చిన్న బ్లైండ్ 1, పెద్ద బ్లైండ్ 2. ఆరుగురికీ కలిపి 1,200 పిక్కలు ఒక పాత గాజు సీసాలో ఉంటాయి.

మూడేళ్ళలో నా ఆట మెరుగుపడిందా అని నిన్న మా ఆవిడ మామూలుగానే అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. రోజంతా చిట్టా, ఆవర్జా రాసే ఉద్యోగంలో ఉన్నవాడిని, నా సొంత ఆటకు ఒక్క పద్దు కూడా రాయలేదు. వచ్చే ఏడాదికి లక్ష్యాలు పెట్టుకుని, అవి ఎలా నడిచాయో ఇందులో రాయాలని ఈ నోటుబుక్కు కొన్నాను.

2025 జనవరి 5, ఆదివారం

మొదటి పేజీలో నాలుగు లక్ష్యాలు రాసి అందరికీ చదివి వినిపించాను. ఏడాదిలో 24 ఆదివారాలు ఆడడం. ఏడాది చివరకు 1,000 పిక్కల లాభంలో ఉండడం. బలవంతపు బ్లైండ్లు కాక, ఇష్టపడి కుప్పలో పిక్కలు వేసిన పంపకాల శాతాన్ని 28కి తేవడం. ప్రతి ఆదివారం కనీసం ఒకసారి చేతిలో ఏమీ లేకుండా బుకాయించడం. మూడోదాన్ని ఆటగాళ్ళు వీపీఐపీ అంటారు, నేను ‘దిగిన శాతం’ అని రాసుకుంటున్నాను.

మాష్టారు నా పెన్ను తీసుకుని రెండో లక్ష్యాన్ని కొట్టేశారు. కారణం అడిగితే కాగితం మీద లెక్క వేసి చూపించారు. పిక్కలు లెక్కపెట్టుకుంటూ ఆడే మా నిదానానికి గంటకు 20 పంపకాలు అవుతాయి. మూడు గంటలకు 60, 24 ఆదివారాలకు 1,440. ఈ ఆటలో నూరు పంపకాల ఫలితానికి ప్రామాణిక విచలనం, అంటే ఫలితం సగటు నుంచి మామూలుగా ఎంత అటూ ఇటూ ఊగుతుందో చెప్పే అంకె, సుమారు 90 పెద్ద బ్లైండ్లు ఉంటుంది. 1,440 పంపకాలు అంటే 14.4 నూర్లు, దాని వర్గమూలం సుమారు 3.8, 90ని 3.8తో భాగిస్తే దాదాపు 24. అంటే ఏడాదంతా ఆడిన తరువాత కూడా నా సగటు ఫలితంలో, నూటికి 24 పెద్ద బ్లైండ్లు అటో ఇటో పడడం కేవలం ముక్కల రాకపోకల వల్లనే జరగవచ్చు. గట్టి ఆటగాళ్ళు కూడా నూటికి ఐదో, పదో సంపాదిస్తే సంతోషిస్తారు. ఆ ఐదూ పదీ ఈ 24 అలల మధ్య ఎక్కడ కనిపిస్తాయి? ఆ పొరపాటును 24 నుంచి 3కి తగ్గించాలంటే 90,000 పంపకాలు కావాలి. మా వరండాలో అది అరవై రెండేళ్ళ ఆరు నెలల ఆట.

“అంటే నూట ముప్ఫయ్యేళ్ళు నిండాక తెలుస్తాదన్నమాట, నాకు ఆటొచ్చో రాదో” అన్నారు చిన్నాన్న. ఆయనకు 68.

కుర్రాడు ఊరుకోలేదు. “బాబాయ్, 2003లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ గెలిచిన క్రిస్ మనీమేకర్ కూడా మీలాగే అకౌంటెంటే కదా” అన్నాడు. నిజమే, ఆయన 25 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. ఆ పోటీలో కూర్చున్నవారు 839 మంది. మిగిలిన 838 మందిలో అకౌంటెంట్లు ఎందరున్నారో ఎవరూ రాసుకోలేదు. మాష్టారు అంతకంటే పనికొచ్చే ఉదాహరణ చెప్పారు. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంవారు తయారుచేసిన లిబ్రాటస్ అనే ప్రోగ్రామును పిట్స్‌బర్గ్‌లో నలుగురు వృత్తి ఆటగాళ్ళతో 20 రోజులపాటు ఆడించినప్పుడు, తేడా అదృష్టం వల్ల కాదని చెప్పడానికి 1,20,000 పంపకాలు పెట్టుకున్నారట. యంత్రానికే అన్ని కావలసివస్తే, 1,440తో నాకు దక్కేదేమిటి?

అందువల్ల రెండో లక్ష్యం స్థానంలో వేరొకటి వచ్చింది. ఆడిన ప్రతిసారీ మూడు పంపకాలను నోటుబుక్కులో పూర్తిగా రాయాలి: నా ముక్కలు, కూర్చున్న చోటు, కుప్పలో ఎంత ఉంది, ఎదుటివారు ఎంత వేశారు, నేనేమి చేశాను, ఎందుకు చేశాను. ఫలితానికి చివర ఒక గడి ఉంటుంది కానీ, తీర్పు ఆ గడిని చూడకుండా ఇవ్వాలి. వచ్చేసారి నుంచి అమలు.

జనవరి 19, ఆదివారం

సంక్రాంతి బంధువులంతా వెళ్ళిపోయారు. మొదటిసారి ప్రతి పంపకానికీ గీత గీసి లెక్క పెట్టాను. 58 పంపకాల్లో 27 సార్లు దిగాను, అంటే దాదాపు 47 శాతం. సిగ్గుపడవలసిన అంకె.

ఎక్కడ తప్పుతున్నానో తెలుసుకోవడానికి రాత్రి కూర్చుని పేకను విడదీసి చూశాను. 52 ముక్కల్లోంచి రెండు ముక్కలు 1,326 విధాలుగా రావచ్చు. వాటిలో 28 శాతమంటే 371. జత అయితే ఒక్కొక్కటి 6 విధాలు, ఒకే రంగు (రెండూ ఆటీన్లో, రెండూ కళావర్లో) ముక్కలైతే 4 విధాలు, వేరు రంగులవి అయితే 12 విధాలు. ఆసుల జత 221 సార్లకు ఒకసారి చేతికి వస్తుంది. ఆసు, రాజు కలిసి రావడం 16 విధాలు కనుక అంతకంటే తరచు. 27 సార్లు దిగినవాటిని గుర్తున్నంతవరకు రాస్తే, అందులో తొమ్మిది ‘రెండూ ఒకే రంగు’ అన్న ఒక్క కారణంతో దిగినవి. కళావరు 9, 3 లాంటివి. ఒకే రంగు ముక్కలు రెండు చేతిలో ఉంటే ఫ్లాప్‌లోనే ఫ్లష్ (ఐదూ ఒకే రంగు ముక్కలు) పడే అవకాశం 119కి ఒకటి. పేకలో ఎర్రగానో నల్లగానో ముచ్చటగా కనిపించాయని పిక్కలు వేస్తున్నాను తప్ప, ఇందులో ఆలోచన లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఈ రోజు రాసిన మూడు పంపకాల్లో ఒకటి ఇక్కడ పూర్తిగా రాయదగినది.

నా చేతిలో ఆటీను 8, 7. ఫ్లాప్‌లో ఆటీను రాజు, ఆటీను 3, కళావరు 10 తెరుచుకున్నాయి. కుప్పలో 20 పిక్కలు. చిన్నాన్న మరో 20 వేశారు. ఆయన అలా వేశారంటే రాజు ఉన్నట్టే, టర్న్‌లోనూ తప్పక వేస్తారు. ఇంకొక ఆటీను పడితే నాకు ఫ్లష్. కనిపించని 47 ముక్కల్లో ఆటీన్లు 9. రివర్ దాకా రెండు ముక్కలూ చూసే వీలుంటే అవకాశం 35 శాతం. ఒక్క టర్న్ మాత్రమే అయితే 19 శాతం. నేను ‘35 శాతం ఉంది, 20 వేసి 40 గెలవడానికి 33 చాలు’ అని లెక్క కట్టి కాల్ చేశాను, అంటే ఆయన వేసినంతా నేనూ వేశాను. టర్న్‌లో ఆటీను 5 పడింది. చిన్నాన్న మొహం ముడుచుకుని, నా పందేనికి ఇంకో 30 ఇచ్చారు. 70 పిక్కలు లాభం. బల్ల చుట్టూ నాకు మెప్పు కూడా దక్కింది.

రాత్రి ఫలితం గడి మీద కాగితం పెట్టి చూస్తే తప్పు బయటపడింది. టర్న్‌లో ఆయన మళ్ళీ వేస్తారని తెలిసి, రాకపోతే పారేద్దామనే ఉద్దేశంతో ఉన్నవాడిని 35 శాతం లెక్క వాడుకోకూడదు. నేను కొన్నది ఒక్క ముక్క, దాని ధర వేరు. పద్దు రాసినట్టు రాస్తే విషయం స్పష్టంగా ఉంది. 47 ముక్కల్లో 9 జమ వైపు: తొమ్మిది డెబ్బైలు 630. మిగిలిన 38 ఖర్చు వైపు: ముప్ఫై ఎనిమిది ఇరవైలు 760. ముక్క పడినప్పుడు వచ్చిన 70 కూడా, పడనప్పుడు పోయే ఇరవైలను పూడ్చలేదు. ఆ కాల్ నిలబడాలంటే ముక్క పడినప్పుడు సగటున 85 దాకా రావాలి. మూడో ఆటీను కనిపించగానే గుప్పెట మూసే చిన్నాన్న దగ్గర అది రాదు; మా కుర్రాడి దగ్గరైతే రావచ్చు. నోటుబుక్కులో ‘తప్పు’ అనీ, పక్క గడిలో ‘జమ 70’ అనీ రాశాను. ఈ రెండు మాటలు ఒకే వరసలో పక్కపక్కన పడడం నాకు ఈ డైరీలో మొదటిసారి.

మార్చి 30, ఆదివారం, ఉగాది

ఆర్థిక సంవత్సరం ముగింపు. ఆఫీసులో రాత్రి పదింటి దాకా పని. ఈ నెల ఒక్కసారే ఆడాము.

ఏప్రిల్ 20, ఆదివారం

దిగిన శాతం 26కి వచ్చింది. సంతోషంగా మాష్టారికి చూపిస్తే, ఆయన వరసగా నాలుగు పంపకాలు అడిగి, నాలుగింటిలోనూ నేను పెద్ద బ్లైండ్‌లో కూర్చుని ముక్కలు పారేసిన విషయం పట్టుకున్నారు.

ఒకటి ఇలా జరిగింది. కుర్రాడు పందెం పెంచి 5కి రైజ్ చేశాడు, మిగిలినవారు పారేశారు. కుప్పలో అతడి 5, చిన్న బ్లైండ్ 1, నేను ముందే వేసిన 2, మొత్తం 8. నేను ఇంకా ఇవ్వవలసింది 3. అంటే 11లో 3, నూటికి 27 గెలిస్తే చాలు. చేతిలో కళావరు 9, 8 ఉన్నాయి. ఇలాంటి ముక్కలు, బటన్ మీద (ఫ్లాప్ తరువాత అందరికంటే చివర మాట్లాడే చోట) కూర్చుని దేనితోనైనా రైజ్ చేసే కుర్రాడి మీద, ఆ ధరకు ఎంత మాత్రమూ పారేయవలసినవి కావు. నేను పారేసిన కారణం ముక్కలు కాదు, మొదటి పేజీలోని 28 అనే అంకె. ఆ గీత ఒకటి ఎక్కువవుతుందని చేయి వెనక్కి లాక్కున్నాను.

ఆఫీసులో నెల ఖర్చు తక్కువ చూపించాలని కరెంటు బిల్లును వచ్చే నెలకు తోసే మేనేజర్లను చాలామందిని చూశాను. నేను చేసినదీ అదే. లక్ష్యాన్ని విడగొట్టి రాశాను: మొదట మాట్లాడవలసిన ఇద్దరి స్థానాల్లో కూర్చున్నప్పుడు 18కి మించకూడదు, బటన్ మీద, దాని ముందు చోట 35 దాకా పోవచ్చు, పెద్ద బ్లైండ్‌లో శాతం లెక్కే లేదు, కాల్‌కు ఎంత ధర పడుతోందో మాత్రం రాయాలి. చిన్న బ్లైండ్ సంగతి మాష్టారికీ నాకూ ఇంకా తేలలేదు. ఫ్లాప్ తరువాత అందరికంటే ముందు మాట్లాడవలసిన ఆ చోట మిగిలిన సగం వేసి ఊరికే దిగడం నష్టమని నా అభిప్రాయం.

జూన్ 15, ఆదివారం

నాలుగో లక్ష్యం మీద కూడా ఇప్పటికి విసుగు పుట్టింది. ‘ప్రతిసారీ ఒక బుకాయింపు’ అని రాసుకున్నందువల్ల, ఆఖరి అరగంటలో కోటా నింపుకోవడానికి చోటు వెతుక్కుంటున్నాను. మా ఆవిడ ఇది ముందే కనిపెట్టింది. ఆరున్నర దాటాక నేను పెద్ద పందెం వేస్తే నవ్వుతూ కాల్ చేస్తుంది. బొబ్బిలిలో పుట్టింటివారి రమ్మీ సభల్లో పెరిగిన మనిషి ముందు గడియారం చూసి బుకాయించడం ఎంత తెలివితక్కువో వేరే చెప్పనక్కరలేదు.

అయితే కోటా వల్ల ఒక మేలు జరిగింది. పద్దు మిగిలింది. కుప్పలో 80 ఉన్నప్పుడు 40 వేసి బుకాయిస్తే, మూడింట ఒకసారి ఎదుటివారు పారేస్తే సరిపోతుంది. 40 పోగొట్టుకునే సాహసానికి 80 ప్రతిఫలం. ఇలా సగం కుప్ప పందేలు ఇప్పటికి 14 రాశాను. మాష్టారి మీద ఎనిమిది వేస్తే ఐదు పారాయి. చిన్నాన్న మీద ఆరు వేస్తే ఒకటే పారింది. పద్నాలుగు ఎంత చిన్న సంఖ్యో మాష్టారు చెప్పకముందే నాకు తెలుసు. కానీ చిన్నాన్న ఏ జత ఉన్నా వదలరన్నది, ముక్కల మీద కాక మనిషి మీద మూడేళ్ళుగా చూస్తున్న విషయం. ఈ ఆరూ దానికి సాక్ష్యాలు మాత్రమే. కోటా కొట్టేశాను. దాని స్థానంలో, బుకాయించే ముందు ‘ఎవరి మీద, ఏ ముక్కలు పారేయించడానికి’ అన్న రెండు ప్రశ్నలకు మనసులో జవాబు ఉండాలని రాశాను. రెండో ప్రశ్న మొదటిదానికంటే కష్టంగా ఉంది.

జూలై 13, ఆదివారం

ఇంతవరకు రాసిన 30 పంపకాల్లో నాకు నేను ఇచ్చుకున్న తీర్పు ప్రకారం తప్పులు 9. అంత మంచివాడినని నాకే నమ్మకం కుదరలేదు. కాగితం అడ్డం పెట్టినా ఫలితం నాకు గుర్తుంటుంది కదా. అందుకని ఫలితం గడి మడిచి, నోటుబుక్కు కుర్రాడికి ఇచ్చాను. అతడి నోటుబుక్కు నేను తీసుకున్నాను. అవకాశాల శాతాలకు కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఈక్విటీ (గెలుపు అవకాశం) లెక్కల ప్రోగ్రాము వాడుకున్నాము, మిగిలినది వాదించుకున్నాము.

అతడి లెక్కలో నా తప్పులు 17. నేను ఒప్పుకోనివి మూడు ఉన్నాయి గానీ అతడి అంకెనే ఉంచాను. తేడా ఎనిమిదింటినీ వరసగా చదివితే, ఏడింటిలో నేను గెలిచాను. గెలిచిన పంపకాల్లో నా కారణాలన్నీ నాకు సబబుగా కనిపించాయి. ఇక మీద తీర్పు పరాయి చేతిలోనే.

ఆగస్టు 31, ఆదివారం

వినాయక చవితికి బెంగళూరు నుంచి వచ్చిన మా బావమరిది ఇంకా ఇక్కడే ఉన్నాడు. అతడు అక్కడ ఫోనులో డబ్బు పెట్టి పోకర్ ఆడేవాడు. ఆన్‌లైన్ గేమింగ్ బిల్లును ఈ నెల 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి, 22న రాష్ట్రపతి సంతకం అయింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ ఆ చట్టంతో నిషేధంలోకి వచ్చాయి. అతడు ఆడే యాప్‌లో బల్లలు మూతపడ్డాయి. రెండేళ్ళలో ఎన్ని పంపకాలు ఆడావని అడిగితే తెలియదన్నాడు. ఎంత పోయిందని అడిగితే పకోడీలు ఇంకా ఉన్నాయా అన్నాడు.

అతడిని ఏడోవాడిగా కూర్చోబెట్టాము. మొదటి 20 పంపకాల్లో 15 సార్లు రైజ్ చేశాడు. “బావా, ఊరికే వచ్చిన పిక్కలకి భయమేముంటుంది? డబ్బు లేకపోతే ఇది పోకర్ కాదు” అన్నాడు. ఈ మాటను తోసిపుచ్చడం తేలిక, కానీ అందులో పస ఉంది. పోగొట్టుకుంటే బాధ లేని పిక్కలతో ఎవరూ ఏమీ పారేయరు; పారేయని చోట బుకాయింపుకు విలువ లేదు; బుకాయింపు లేని చోట నేను రాసే సగం లెక్కలకు అర్థం లేదు. మాలో చిన్నాన్న ఎందుకు పారేయరో దీనితో కొంత అర్థమైంది.

డబ్బు తేవడం కుదరని పని. చాలాసేపు మాట్లాడుకున్న తరువాత మా ఆవిడ ఒక ఉపాయం చెప్పింది. ప్రతిసారీ 200తో మొదలవడం మామూలే, కానీ ఏడాది మొత్తం మీద ఎవరి ఖాతాలో ఎంత నిలవ ఉందో వరండా గోడకు తగిలించిన పలక మీద రాసి, ఆట మొదలయ్యే ముందు గట్టిగా చదవాలి. ఈ రోజే రాశాము. చిన్నాన్న పేరు కింద ‘అప్పు 640’ అని పడింది. ఆయన ఆ పలక వంక చాలాసేపు చూశారు. తరువాత ఆడిన గంటలో రెండుసార్లు ముక్కలు పారేశారు. ఆ రెంటిలో ఒకదాంట్లో నా చేతిలో ఏమీ లేదు.

అక్టోబరు 8, బుధవారం

ఈ పద్దు రాయకుండా వదిలేద్దామనుకున్నాను. పైడితల్లి అమ్మవారి పండగకు ఇల్లంతా బంధువులు. సోమవారం తొలేళ్ళ రాత్రి, నిద్ర మేల్కొని ఉండడానికి ఏదో ఒకటి కావాలని తొమ్మిదింటికి బల్ల వేశాము. రాత్రి ఒంటిగంటకు లేచాము. దిగిన శాతం 51.

పదకొండు ప్రాంతంలో నాకు ఆసుల జత వచ్చింది. చిన్నాన్నకు రాజుల జత. ఫ్లాప్‌కు ముందే ఉన్న పిక్కలన్నీ ఇద్దరమూ లోపలికి తోశాము. అలాంటి చోట నూటికి 82 సార్లు ఆసులు గెలుస్తాయి. రివర్‌లో డైమన్ రాజు పడింది. నూటికి 18 సార్లు జరిగేది జరగడంలో వింత ఏమీ లేదని ఫిబ్రవరి నుంచి రాస్తున్నవాడిని, ఆ తరువాత ఆరు పంపకాల్లో ఐదింట దిగాను. కళావరు 9, 3 తో కూడా దిగాను. పోకర్‌వాళ్ళు దీనిని టిల్ట్ అంటారు. మన పేకాటలో దీనికి పంతం అనే మాట ఎప్పటినుంచో ఉంది. రాసిన మూడు పంపకాలకూ కుర్రాడు ‘తప్పు’ వేశాడు. ఒకదాని పక్కన ‘బాబాయ్, ఇది ఆడింది మీరేనా’ అని కూడా రాశాడు.

మంగళవారం కోట దగ్గర జనంలో నిలబడి సిరిమాను చూస్తున్నప్పుడు కూడా ఆ డైమన్ రాజే కళ్ళలో మెదిలిందని ఒప్పుకుంటున్నాను.

కొత్త నిబంధన ఒకటి చేర్చాను. 100 పిక్కలకు మించిన కుప్ప పోతే, తరువాతి రెండు పంపకాలు లేచి పెరట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి రావాలి. ఇది పండగకు అదనంగా ఆడిన ఆట కనుక వార్షిక లెక్కలో వేయనక్కరలేదని మాష్టారితో అన్నాను. “మీ ఆఫీసులో ఇలాంటి ఖర్చుని ఏ పద్దు కింద దాస్తారో చెప్పండి, అలాగే దాద్దాం” అన్నారు. లెక్కలో వేశాను.

నవంబరు 9, ఆదివారం

మొంథా తుపాను వానలకు అక్టోబరు చివర ఒక ఆదివారం పోయింది. ఈ రోజు ఒకసారి నీళ్ళు తాగి వచ్చాను. నేను లేచినప్పుడల్లా ముక్కలు పంచడం త్వరగా జరుగుతోందని మిత్రుడి ఫిర్యాదు కాని ఫిర్యాదు.

డిసెంబరు 28, ఆదివారం

ఈ రోజు ఆఖరి ఆట ముగిశాక ఖాతాలు మూశాము.

తొలేళ్ళ రాత్రితో కలిపి 23 సార్లు ఆడాము, 1,391 పంపకాలు. నా నిలవ 214 పిక్కల నష్టం. పెద్ద బ్లైండ్లలో చెబితే 107, నూటికి 7.7 చొప్పున. జనవరిలో మాష్టారు చెప్పిన లెక్క ప్రకారం ఈ పంపకాలకు అటూ ఇటూ 24 ఉంటుంది కనుక, ఈ నష్టం నా ఆట గురించి ఏమీ చెప్పడం లేదు. లాభం వచ్చి ఉన్నా అంతే. ఇది రాయడం తేలికగా ఉంది. పలక మీద అందరి ముందు చదవడం అంత తేలికగా లేదు.

జూలై నుంచి రాసిన 36 పంపకాల్లో కుర్రాడి తీర్పు ప్రకారం తప్పులు 11, అందులో మూడు తొలేళ్ళ రాత్రివి. మొదటి 30లో 17 ఉన్నవి ఇంత దాకా తగ్గాయి. ఇందులోనూ ఒక చిక్కు ఉంది: ఏ మూడు పంపకాలు రాయాలో ఎంచుకునేది నేనే. తెలియకుండానే మంచివి ఏరుకుంటున్నానేమో. వచ్చే ఏడాది నుంచి ప్రతిసారీ 10వ, 30వ, 50వ పంపకాలే రాయాలని మా ఆవిడ అంటోంది. అప్పుడు సగం సార్లు ‘పారేశాను’ అనే రాయవలసివస్తుందని నేను వాదించాను. పారేసిన దానికి కూడా కారణం ఉండాలి కదా అంది. 2026 నోటుబుక్కు మొదటి పేజీలో అదే మొదటి లక్ష్యం అయింది.

బావమరిది ఫోను చేసి, చట్టబద్ధంగా ఆడేందుకు గోవాలో మాండవి నది మీద ఓడల్లో క్యాసినోలు ఉన్నాయి కనుక ఫిబ్రవరిలో అందరమూ వెళ్దామన్నాడు. మూడు రోజులు కూర్చున్నా 600 పంపకాలకు మించవు, రైలు ఖర్చు మాత్రం ఖాయమైన నష్టం. లక్ష్యాల్లో చేర్చలేదు. కుర్రాడు మాత్రం తన నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు, చూపించలేదు.

చిన్నాన్న ‘అప్పు 640’ని ‘అప్పు 385’కి తెచ్చుకున్నారు. ఆయన పారేయడం నేర్చుకోవడంతో నా బుకాయింపులు పెరిగాయి. అది కనిపెట్టి ఆఖరి రెండుసార్లు మళ్ళీ పారేయడం మానేశారు. ఆయన పద్దు వచ్చే ఏడాది వేరే పేజీలో రాయాలి.

చివరకు సీసా కుమ్మరించి పిక్కలు లెక్కపెట్టాము. 1,200 ఉండవలసింది, 1,188 ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టినా అంతే. కొన్ని పుచ్చిపోయాయని మిత్రుడు అన్నాడు. చిన్నాన్న వేయించిన చింతపిక్కల రుచి గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. ఆవర్జాలో చివరి వరసగా ‘తరుగు 12’ అని రాసి, మాష్టారి చేత సంతకం పెట్టించాను.